మాఫీ అయిన అప్పు ఎవరి ఖాతాలో పడుతుంది?

ఈ వారం వీడియోలో దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం గురించి మాట్లాడుకున్నాం. ఋణం అనే మాట వచ్చినప్పుడల్లా ఒక వాదన కూడా వెంట వస్తుంది. ఆఫీసు క్యాంటీన్లోనో, పీజీ రూమ్‌లోనో మీరూ వినే ఉంటారు. "క్రిస్టియన్స్‌కి ఈజీ కదా, ఏం చేసినా దేవుడు క్షమించేస్తాడు. మనకైతే కర్మ, లెక్క తప్పదు" అని ఒకరంటారు. అవతలి నుంచి ఇంకొకరు "మీ దగ్గర క్షమాపణే లేదు, అంతా లెక్కే" అంటారు. ఇద్దరూ అవతలివాళ్ల గ్రంథం తెరిచి చూసి ఉండరు.

ఒక మతం గురించి మాట్లాడేటప్పుడు దాని మీద తిరిగే జోకు దగ్గర మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. అది వాడే మాట దగ్గర మొదలుపెట్టాలి. క్రైస్తవంలో క్షమాపణకి ఉన్న ముఖ్యమైన మాటల్లో ఒకటి మనకి బాగా తెలిసినదే: అప్పు.

ఏసు శిష్యులకు నేర్పిన ప్రార్థనని తెలుగు క్రైస్తవులు పరలోక ప్రార్థన అంటారు. అది మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఉంది. అందులో క్షమాపణ అడిగే చోట తెలుగు బైబిల్లో కనిపించే మాట పాపాలు కాదు, ఋణాలు. మా ఋణాలు వదిలెయ్యి, మాకు బాకీ ఉన్నవాళ్లని మేం వదిలేసినట్టే అని దాని భావం. లూకా సువార్తలో అదే ప్రార్థన మళ్లీ వస్తుంది. అక్కడ మొదటి సగంలో పాపాలు అని ఉంటుంది, రెండో సగంలో మాత్రం బాకీ ఉన్నవాళ్లే ఉంటారు. అంటే ఆ రెండు మాటలూ వాళ్లకి ఒకదాని స్థానంలో ఒకటి వాడుకునేవే. ఏసు మాట్లాడిన అరమాయిక్ భాషలో 'హోబా' అంటే అప్పూ అవుతుంది, పాపమూ అవుతుంది. సువార్తలు రాసిన గ్రీకులో 'అఫియేమి' అనే క్రియకి వదిలేయడం, బాకీ రద్దు చేయడం, క్షమించడం అన్నీ అర్థాలే. జర్మన్‌లో ఇప్పటికీ 'షుల్డ్' అంటే నేరభావమూ, అప్పూ రెండూ.

మాటలో ఏముందిలే అనుకోకండి. తప్పుని దేనితో పోలుస్తామో దాన్నిబట్టే పరిష్కారం మారుతుంది. తప్పు మరక అయితే కడగాలి. గంగాస్నానం, ప్రాయశ్చిత్తం మనకి తెలుసు, బైబిల్ కీర్తనల్లో కూడా కడగమని అడిగేవి ఉన్నాయి. తప్పు బరువు అయితే దించాలి. యూదుల పాత ఆచారంలో ఒక మేక తలమీద జనం పాపాలన్నీ మోపి అడవిలోకి తోలేవాళ్లు, లేవీయకాండం 16వ అధ్యాయంలో ఉంటుంది. హీబ్రూ గ్రంథాల్లో ముందు బరువుగా ఉన్న పాపం తర్వాతి కాలంలో అప్పుగా ఎలా మారిందో గ్యారీ ఆండర్సన్ అనే పండితుడు 2009లో ఒక పుస్తకమే రాశాడు. మా భాషలో చెప్పాలంటే డేటా మోడల్ మారితే దాని మీద చేయగలిగే ఆపరేషన్లు కూడా మారిపోతాయి. అప్పుకి ఉన్నవి రెండే దారులు: ఎవరో ఒకరు కట్టాలి, లేదా ఇచ్చినవాడు వదులుకోవాలి.

ఇది ఏసు కొత్తగా కనిపెట్టిన ఉపమ కాదు. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ప్రకారం ప్రతి ఏడో సంవత్సరం తోటి ఇశ్రాయేలీయుల అప్పులు రద్దు చేయాలి. లేవీయకాండం 25లో 50వ ఏడాది ఒక పెద్ద విడుదల ఉంటుంది. దాన్ని జూబిలీ అంటారు. అమ్ముకున్న భూమి తిరిగి వస్తుంది, అప్పుకింద దాసులైనవాళ్లు ఇళ్లకు వెళ్తారు. ఏడో ఏడు దగ్గరపడుతోంది కదా అని అప్పు ఇవ్వడం మానెయ్యకండి అని ఆ చట్టమే హెచ్చరిస్తుంది. మనుషులు ఎక్కడైనా మనుషులే! చివరికి ఏసుకి కాస్త ముందు హిల్లెల్ అనే యూదు గురువు 'ప్రోజ్‌బుల్' అనే పత్రం తెచ్చాడు. అప్పుని కోర్టుకి అప్పగించినట్టు రాస్తే ఏడో ఏడు దాటినా వసూలు చేసుకోవచ్చు. ఆ వెసులుబాటు లేకపోతే పేదవాడికి అప్పే పుట్టదన్నది ఆయన కారణం. వినేవాళ్లకి అప్పు అంటే క్రెడిట్ కార్డు బిల్లు కాదు, కట్టలేకపోతే పెళ్లాం పిల్లలు అమ్ముడుపోవడం. అప్పు కింద పిల్లల్ని దొరల దగ్గర జీతానికి పెట్టిన ఊళ్లు మనకీ ఉన్నాయి కాబట్టి ఆ భయం మనకి మరీ దూరమైనదేం కాదు.

పదివేల తలాంతుల కథ

ఇప్పుడు అసలు కథ. మత్తయి 18వ అధ్యాయం. పేతురు అనే శిష్యుడు వచ్చి, నా సహోదరుడు నాకు తప్పు చేస్తే ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు చాలా అని అడుగుతాడు. ఏడు కాదు, డెబ్బై ఏళ్లు అంటాడు ఏసు. అంటే 490 (గ్రీకు మాటని 77 అని కూడా చదవచ్చు). కౌంటర్ పెట్టుకుని 491వ సారి తన్నమని కాదు, కౌంటరే పెట్టుకోవద్దని. వెంటనే ఒక కథ చెప్తాడు.

ఒక రాజు లెక్కలు చూసుకుంటుంటే ఒక ఉద్యోగి పదివేల తలాంతులు బాకీ ఉన్నట్టు తేలింది. ఒక తలాంతు అంటే 6,000 దేనారాలు. ఒక దేనారం అంటే కూలీకి ఒకరోజు కూలి. అంటే ఆరు కోట్ల రోజుల కూలి! ఒక్కరోజు సెలవు లేకుండా పనిచేసినా 1,64,000 ఏళ్ల పైనే పడుతుంది. మన దగ్గర రోజుకూలి 700 అనుకుంటే 4,200 కోట్లు. ఆ కాలంలో గలిలయ, పెరియ ప్రాంతాలు ఏలిన హేరోదు అంతిపకి ఏడాది ఆదాయం 200 తలాంతులని యోసేపస్ అనే చరిత్రకారుడు రాశాడు. అంటే ఈ ఒక్క ఉద్యోగి బాకీ ఆ రాజ్యానికి 50 ఏళ్ల ఆదాయం. నిజానికి గ్రీకులో పదివేలు అనేది పేరున్న సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది, డబ్బులో తలాంతు అన్నిటికన్నా పెద్ద కొలత. పిల్లలు కోటానుకోట్లు అంటారే, అలాంటి అంకె అది.

ఆ మనిషి కాళ్లమీద పడి ఏమన్నాడో చూడండి. టైమ్ ఇవ్వండి, మొత్తం కట్టేస్తాను. 1,64,000 ఏళ్ల ఈఎమ్ఐ! కథలో నాకు చాలా ఇష్టమైన చోటు ఇదే. వాడు మాఫీ అడగనే లేదు, వాయిదా అడిగాడు. రాజు వాయిదా ఇవ్వలేదు, అప్పే కొట్టేశాడు.

బయటికి వచ్చిన ఆ మనిషికి దారిలో తోటి ఉద్యోగి కనబడ్డాడు. వాడు వీడికి వంద దేనారాలు బాకీ. మన లెక్కలో 70,000. చిన్న మొత్తమేం కాదు, మూడు నెలల పైచిలుకు సంపాదన. అది గమనించాలి, ఎందుకంటే ఎదుటివాళ్లు మనకి చేసిన తప్పులు ఉత్తవని ఏసు అనట్లేదు. కాకపోతే రెండు అప్పులకీ మధ్య తేడా ఆరు లక్షల రెట్లు. వీడు వాడి గొంతు పట్టుకున్నాడు. వాడు కూడా, వీడు రాజు దగ్గర అన్నట్టే, టైమ్ ఇవ్వమన్నాడు. ఈ 70,000 నిజంగానే తీర్చగలిగిన అప్పు. అయినా జైల్లో వేయించాడు. సంగతి రాజుకి తెలిసింది. మాఫీ రద్దయింది, పాత బాకీ మొత్తం మళ్లీ మెడకి చుట్టుకుంది.

"ఈజీ కదా" అనేవాళ్లు ఈ రెండో సగం చదవాలి. పరలోక ప్రార్థన అయిపోగానే మత్తయిలో ఇదే మాట కరాఖండీగా వస్తుంది: మీరు మనుషుల్ని వదలకపోతే మీ తండ్రి మిమ్మల్నీ వదలడు. రోజూ ఆ ప్రార్థన చేసే మనిషి రోజూ తన మీద తనే ఒక షరతుకి సంతకం పెడుతున్నాడు. అది చేతిలో ఫ్రీ పాస్ ఉన్నవాడి స్థితి కాదు.

ఆ డబ్బు ఎక్కడికి పోయింది?

రాజు కొట్టేసిన 4,200 కోట్లు ఏమయ్యాయి? తెలుగు రాష్ట్రాల్లో పుట్టినవాళ్లకి ఈ ప్రశ్న ఎవరూ నేర్పక్కర్లేదు. 2008లో కేంద్రం, 2014 తర్వాత రెండు రాష్ట్రాలు, 2024లో తెలంగాణలో రెండు లక్షల దాకా మళ్లీ, ఇన్ని రుణమాఫీలు చూశాం. మాఫీ అంటే అప్పు గాల్లో కలిసిపోవడం కాదు. రైతు బదులు ప్రభుత్వం బ్యాంకుకి కడుతుంది. బ్యాంకులు చేసే రైట్-ఆఫ్ వేరు. అక్కడ పుస్తకాల్లోంచి తీసేస్తారు గానీ అప్పు తీసుకున్నవాడి మీద బాకీ అలాగే ఉంటుంది, రికవరీ ఏజెంటు ఫోన్లూ ఆగవు. మనలో చాలామంది చేసే "క్షమించాను కానీ మర్చిపోను" రైట్-ఆఫ్ లాంటిది. ఏసు చెప్పేది మాఫీ.

మా ఇంట్లో జరిగినది ఒకటి చెప్తాను. మా తాతయ్య ఊళ్లో చిన్న మొత్తాలు వడ్డీకి తిప్పేవారు. ఆయన పోయాక ఇనప్పెట్టెలో కొన్ని ప్రోనోట్లు దొరికాయి. చాలావాటికి మూడేళ్లు దాటి కాలదోషం పట్టింది. ఒకటి మాత్రం బతికే ఉంది, 60,000. రాసిచ్చినాయన కౌలు రైతు, వరసగా రెండు పంటలు పోయాయి. పెద్దకర్మ అయిన మర్నాడు వచ్చి అరుగుమీద కూర్చుని, కొంచెం టైమ్ ఇవ్వండి బాబూ, మొత్తం కట్టేస్తా అన్నాడు. లోపల్నించి నానమ్మ "ఆ నోటు ఆయనకి ఇచ్చెయ్యిరా" అంది. నాన్న నోటు వెనకాల చెల్లు రాసి సంతకం పెట్టి చేతికిచ్చారు. ఆయన దాన్ని అక్కడే నాలుగు ముక్కలు చేశాడు. ముక్కలు పారెయ్యలేదు, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాడు. ఆ ఏడాదే నేను ఇంజనీరింగ్‌లో చేరాను. మొదటి ఏడాది ఫీజుకి అమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. అంటే ఆ 60,000 మా ఇంట్లో ఎవరి చేతులమీంచి పోయిందో నాకు కళ్లారా తెలుసు.

క్రైస్తవ క్షమాపణకి గుండెకాయ ఇక్కడే ఉంది. పర్లేదులే అనడానికి ఖర్చు ఉండదు. మాఫీకి ఉంటుంది, అది ఇచ్చినవాడి ఖాతాలో పడుతుంది. సిలువని వాళ్లు ఇలాగే చూస్తారు. పౌలు పేరుతో ఉన్న కొలస్సయుల పత్రిక రెండో అధ్యాయంలో 'కైరోగ్రాఫాన్' అనే మాట వస్తుంది. అచ్చంగా అర్థం: చేత్తో రాసిచ్చింది. అప్పు తీసుకున్నవాడు స్వయంగా రాసిచ్చే పత్రం, మన ప్రోనోటు లాంటిదే. మన మీద ఉన్న ఆ నోటుని దేవుడు తుడిచేసి సిలువకి మేకుతో కొట్టాడంటుంది ఆ పత్రిక. ఆ కాలపు ఈజిప్టులో దొరికిన పాపిరస్ అప్పు పత్రాల్లో, తీరినవాటి మీద అడ్డదిడ్డంగా గీతలు కొట్టి ఉండటం ఇప్పటికీ చూడొచ్చు. నోటి మాట చాలదు, కాగితం కూడా చెల్లిపోవాలి. ఆ కౌలు రైతు ముక్కలు జేబులో ఎందుకు పెట్టుకున్నాడో ఆ కొలస్సయులకి అర్థమయ్యేది.

దీని మీద పెద్ద సిద్ధాంతం కట్టినవాడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్. 1098లో పూర్తిచేసిన పుస్తకంలో ఆయన వాదన ఇలా సాగుతుంది. దేవుడికి ఇవ్వాల్సింది ఇవ్వకపోవడమే పాపం. ఈరోజు బుద్ధిగా ఉన్నా అది ఈరోజు బాకీకే సరిపోతుంది, నిన్నటిది అలాగే ఉంటుంది. కట్టాల్సింది మనిషి, కట్టగలిగింది దేవుడు. అందుకే రెండూ అయినవాడు రావాలి. లాజిక్ గట్టిదే. దానికి గట్టి దెబ్బ కొట్టినవాడు కూడా వాళ్లలోంచే వచ్చాడు. ఇటలీకి చెందిన ఫౌస్తో సొజ్జీని 1594లో అచ్చయిన పుస్తకంలో అడిగాడు: ఎవరో ఒకరు పూర్తిగా కట్టేస్తే ఇక అది క్షమాపణ ఎలా అవుతుంది? వసూలైన బాకీని ఎవరు మాఫీ అంటారు? ఆయన్ని మతద్రోహి అన్నారు గానీ ప్రశ్న మాత్రం చావలేదు. కట్టింది మూడో మనిషి కాదు, అప్పు ఇచ్చిన దేవుడే స్వయంగా భరించాడు అని క్రైస్తవ వేదాంతులు జవాబిస్తారు. నాకైతే ఏసు చెప్పిన కథే అన్సెల్మ్ కన్నా సూటిగా అనిపిస్తుంది. అందులో మూడోవాడెవడూ రాడు. రాజు నష్టపోయాడు, అంతే.

ఎవరి బాకీ ఎవరు కొట్టేయాలి?

మార్కు సువార్త 2వ అధ్యాయంలో కపెర్నహూములో ఒక పక్షవాత రోగిని నలుగురు ఇంటి పైకప్పు తీసి కిందకి దించుతారు. నీ పాపాలు క్షమించాను అంటాడు ఏసు. అక్కడున్న శాస్త్రులకి ఒళ్లు మండింది. దేవుడు తప్ప ఇంకెవరు క్షమించగలరు అని. అప్పు లెక్కలో వాళ్ల అభ్యంతరం న్యాయమే, నాకు బాకీ ఉన్నవాడికి పక్కింటాయన చెల్లు రాసిస్తే ఏం విలువ? ఏసు దేవుడి తరఫున సంతకం పెడుతున్నాడని వాళ్లకి అర్థమైంది. గొడవంతా అక్కడే. యూదుల మిష్నా ఇంకో మెట్టు స్పష్టంగా చెప్తుంది: మనిషికి మనిషి చేసిన తప్పు, ఆ మనిషిని సమాధానపరిచేదాకా ప్రాయశ్చిత్త దినం కూడా తీర్చదు.

ఇది మనకి ఎందుకు పనికొస్తుందో చెప్తాను. మొగుడు కొడితే పుట్టింటికి వచ్చిన అమ్మాయికి పెద్దమనుషులు "క్షమించి వెళ్లమ్మా" అని చెప్పడం అన్ని మతాల ఇళ్లల్లోనూ ఉంది. చర్చిలో అయితే ఇదే మత్తయి 18 చూపించి చెప్తారు. కానీ అప్పు ఉపమని నిజంగా పట్టుకుంటే ఆ మాట నిలబడదు. ఒకటి, రాజు ముందు లెక్క తీశాడు, అంకె పైకి చదివించాడు. బాకీయే లేదన్నవాడికి మాఫీ కూడా ఉండదు, కాబట్టి ఏం జరిగిందో పేరుపెట్టి చెప్పడం ముందు పని. లూకా 17లో కూడా ముందు గద్దించు, పశ్చాత్తాపపడితే క్షమించు అనే ఉంది. రెండు, ఆమె బాకీ ఆమెదే, పెద్దమనుషులు దాని మీద చెల్లు రాయలేరు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: పాత అప్పు మాఫీ చేసినంత మాత్రాన కొత్త అప్పు ఇవ్వాలని ఎక్కడా లేదు. నాన్న ఆ నోటు చింపించారు గానీ మళ్లీ ఇంకో 60,000 ఇవ్వలేదు. ఆ ఇంటికి తిరిగి వెళ్లమనడం పాత బాకీ సంగతి కాదు, కొత్త పూచీ అడగడం. పగ వదిలేసి కూడా తలుపు గడియ వేసుకునే ఉండొచ్చు.

మరి మన సంగతి? "మనకి క్షమాపణ లేదు, లెక్కే" అనేది కూడా తప్పే. ఋగ్వేదం రెండో మండలంలో వరుణుణ్ణి ఒక ఋషి వేడుకుంటాడు, నేను చేసిన ఋణాల్ని దూరంగా తోసెయ్యమని. అథర్వవేదం ఆరో కాండలో ఈ లోకంలో, పై లోకంలో, మూడో లోకంలో కూడా అప్పు లేకుండా ఉండాలని కోరే సూక్తాలున్నాయి. యుద్ధకాండ చివర్లో రాక్షస స్త్రీలని చంపేస్తానని హనుమంతుడు అంటే, తప్పు చేయనివారెవరు అని సీతమ్మ ఆపింది. వాళ్లు అడగలేదు, ఆమె లెక్క తీయలేదు. అక్కడ అప్పు అనే మాటే లేదు.

అయితే రెంటినీ కలిపేసి "అంతా ఒకటే అండి" అనొద్దు. తైత్తిరీయ సంహిత చెప్పే మూడు ఋణాలు పాపాలు కావు. పుట్టగానే ఉన్నాయంటే మనం ఏదో తప్పు చేశామని కాదు, మనకి ముందే చాలా అందిందని. వాటిని అధ్యయనంతో, యజ్ఞంతో, సంతానంతో తీర్చుకుంటాం. మాఫీ చెయ్యమని అడగం. క్రైస్తవుడు దేవుడి ముందు చూసే అప్పు తను చెడగొట్టినదానికి. పితృ ఋణాన్ని వాళ్ల ఆదిపాపంతో పోల్చి పెట్టే రీల్స్ చూశాను. మాట ఒకటే గానీ ఖాతాలు వేరు.

అప్పు గురించి మన దగ్గర ఉన్న ఒక వింత మాట మాత్రం ఆ కథ పక్కన పెట్టి చదవాలనిపిస్తుంది. ఉత్తరకాండలో, పట్టాభిషేకం అయిపోయాక హనుమంతుణ్ణి సాగనంపుతూ రాముడు అంటాడు: నువ్వు చేసిన ఉపకారం నాలోనే అరిగిపోనీ, తిరిగి తీర్చే అవకాశం నాకు రాకూడదు. ఎందుకంటే ఆ ఋణం తీర్చాలంటే ముందు నీకు కష్టం రావాలి. అక్కడ అప్పు తీసుకున్నది దేవుడు. ఆయన మాఫీ అడగలేదు, టైమ్ కూడా అడగలేదు. బాకీగానే ఉంచుకుంటానన్నాడు. వచ్చే వారం వీడియో ఆ సర్గ మీదే చేస్తున్నాం, వీలైతే ముందే చదువుకుని రండి.